ముందే పడ్డ పట్టీ

రోడ్ల మంత్రి గారు అబద్ధం చెప్పడానికి గొంతు సవరించుకుంటే స్టూడియో గోడమీది గడియారం సిగ్గుపడి ఆగిపోతుందని ఆ చానల్లో ఒక కథ ఉండేది. గడియారం ఆగిన మాట నిజమే. కాకపోతే సిగ్గుతో కాదు, బ్యాటరీ అయిపోయి. ఆ సంగతి కుర్చీ ఎక్కి మరీ కనిపెట్టి, పదిమందికీ చెప్పి, కథలోని మజా అంతా పాడుచేసినవాడు పట్టీ బాబాయ్.

ఆయన ఉద్యోగమే అటువంటిది. నాయకులు లైవ్‌లో మాట్లాడుతుంటే వింటూ కూర్చోవాలి. అన్నమాట అబద్ధమైతే తెర అడుగున ఎర్రటి పట్టీ వెయ్యాలి. కంట్రోల్ రూంలో చివరి కుర్చీ ఆయనది. ఏసీ గాలి సరిగ్గా ఆయన నడినెత్తి మీద పడుతుంది కాబట్టి మండువేసవిలో కూడా మఫ్లర్ చుట్టుకునే కూర్చునేవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, వాటి మీద మఫ్లర్, ఎదురుగా చల్లారిపోయిన టీ. కొత్తగా చేరినవాళ్ళు ఆయన్ని చూసి పాపం పంటినొప్పి కాబోలనుకునేవారు.

ఇంట్లో ఆయన భార్య ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని నలుగురి బట్టలూ కుట్టేది.

"ఆ తలుపు అంత గట్టిగా వెయ్యొద్దని మీకు వందసార్లు చెప్పాను."

"నాలుగుసార్లు."

"ఏమండీ, నేను మంత్రిని కాను. ఆ పట్టీలేవో మీ ఆఫీసులో వేసుకోండి" అనేది ఆవిడ. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళతో, "పొద్దస్తమానం గుడ్డలు కోస్తానే గానీ, ఈయనతో కాపురానికి వచ్చాక ఒక్క కోత కోసే యోగం లేదమ్మా నాకు" అని వాపోయేది.

మొదట్లో బాబాయ్‌కి ఆ పని మహా హుషారుగా ఉండేది. ఒక అబద్ధం దొరికిన రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. పట్టీ పడితే నాయకుడు సిగ్గుపడతాడనీ, మర్నాటి నుంచి మానేస్తాడనీ ఆయన నమ్మకం. ఏళ్ళు గడిచాయి. ఎవరూ మానలేదు. గాలివానలో వాకిలి ఊడ్చినట్టుగా ఉండేది ఆయన బతుకు. ముందు ఊడుస్తుండగానే వెనక మళ్ళీ ఆకులు రాలేవి.

పైగా అప్పట్లో పట్టీ అప్పటికప్పుడు టైపు చెయ్యాల్సి వచ్చేది. అది తెరమీదికి వచ్చేసరికి నాయకుడు ఇంకో రెండు చెప్పేసేవాడు, చూసేవాళ్ళు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకి బాబాయ్‌కి ఒకటి తెలిసొచ్చింది. నాయకులు కొత్త అబద్ధాల కోసం పెద్దగా శ్రమపడరు. ఉన్నవాటినే ఉతికి ఇస్త్రీ చేసి మళ్ళీ మళ్ళీ తొడుక్కుంటారు. అటువంటప్పుడు తాను మాత్రం ప్రతిసారీ కొత్తగా కుట్టడం దేనికి? పట్టీలు ముందే తయారుచేసి దాచిపెట్టాడు. ఒక్కో అబద్ధానికి కీబోర్డు మీద ఒక్కో బటన్. ఆసుపత్రిలో డాక్టర్లున్నారనేది రెండు. బడి పైకప్పు బాగుచేశామనేది నాలుగు. నది మీద వంతెన పూర్తయిందనేది ఏడు. పోనుపోను కంట్రోల్ రూంలో అబద్ధాలకు పేర్లు పోయి అంకెలే మిగిలాయి.

"ఇవాళ ఎవరొస్తున్నారు?"

"విద్యామంత్రి."

"అయితే నాలుగు."

"చివర్లో మూడు కూడా వాడతాడు చూడండి. పోయినసారి జలుబు చేసి వాడకుండా దాచుకున్నాడు."

ఏడో నంబరు పట్టీ మొదట ఇంత పొడుగుండేది: ‘వంతెన పూర్తి కాలేదు. నదిలో ఉన్నవి మూడు స్తంభాలే.’ ఆ స్తంభాల మీద కొంగలు కాపురముంటున్నాయని కూడా రాయాలని బాబాయ్‌కి ఉండేది గానీ, తెరమీద చోటు చాలలేదు. తరవాత తెర అడుగున సగం జాగా ఒక సబ్బు ప్రకటనకి ఇచ్చారు. ఎడిటరమ్మ పట్టీని కత్తిరించి ‘వంతెనపై మంత్రి మాట నిజం కాదు’ అని తేల్చేసింది. ఎడిటరమ్మంటే ఆ కంట్రోల్ రూం మొత్తానికి పెద్దది. వయసులో బాబాయ్ కూతురంత ఉంటుంది, గొంతు మాత్రం హెడ్‌మిస్ట్రెస్‌ది. చిన్నదైనా పదునుగా ఉందని పట్టీని అందరూ మెచ్చుకున్నారు. బాబాయ్ కూడా మెచ్చుకున్నాడు.

ఇక ఎంత తొందరగా నొక్కితే అంత గొప్ప అయింది. నాయకుడి వాక్యం పూర్తికాక మునుపే పట్టీ పడేది. రోడ్ల మంత్రి ‘నది’ అనగానే ఏడు పడుతుందని క్యాంటీన్లో టీ పందాలు కాసేవాళ్ళు. ఆయన నోరు తెరవకముందే, ఊపిరి పీల్చిన తీరు చూసే నొక్కగలనని బాబాయ్ ఒకసారి అన్నాడు. ఆయన జీవితంలో కోసిన పెద్ద కోత అదేనేమో. నిజానికి ఆయన నాయకుల మాటలు వినడం ఎప్పుడో మానేశాడు. మొదటి రెండు ముక్కలు చెవిలో పడితే చాలు, వేలు దానంతటదే వెళ్ళేది. మనసు బస్సు సంగతో మోకాలినొప్పి సంగతో చూసుకునేది.

చానల్ యజమానికి ఈ పట్టీ ఏనాడూ నచ్చలేదు. దాని దెబ్బకి పెళ్ళిళ్ళలో తన పక్కన కూర్చోవడానికి ఒక్క మంత్రీ రావడం లేదని ఆయన బాధ. జనం ఇష్టపడుతున్నారు కాబట్టి ఊరుకున్నాడు గానీ, ఒక షరతు పెట్టాడు. "ఒక్కటంటే ఒక్కటి తప్పు పడిందా, ఆ రోజుతో పట్టీకి సెలవు." అది విన్నప్పుడు బాబాయ్ నవ్వుకున్నాడు. నిజం చెప్పేవాడికి భయమెందుకు?

ఆ రోజు మధ్యాహ్నం రోడ్ల మంత్రి లైవ్‌కి వచ్చాడు. మనిషి కాస్త వడలి ఉన్నాడు. యాంకర్ రోడ్ల గుంతల గురించి అడిగాడు, వంతెన గురించి అడిగాడు. మంత్రి గొంతు సవరించుకున్నాడు. "నది మీద వంతెన..." అన్నాడు. బాబాయ్ వేలు ఏడు మీద పడింది.

"...పూర్తి కాలేదండి. పూర్తయిందని ఇన్నాళ్ళూ నేను చెప్పింది తప్పు. మొన్న స్వయంగా వెళ్ళి చూశాను. జనం ఇంకా బల్లకట్టు మీదే దాటుతున్నారు."

ఆ మాటల కింద ఎర్రగా, నిలకడగా పట్టీ వెలుగుతోంది: ‘వంతెనపై మంత్రి మాట నిజం కాదు.’

వినడం మానేసినవాడు బాబాయ్ ఒక్కడే అయితే బాగుండేది. యాంకర్ తన చేతిలోని కాగితం చూసుకుని, "చాలా సంతోషం మంత్రి గారూ. మరి ప్రారంభోత్సవం ఎప్పుడు?" అన్నాడు.

మంత్రి ఎదురుగా ఉన్న టీవీలో తన బొమ్మనీ, దాని కింద పట్టీనీ చూసుకున్నాడు. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచి, "త్వరలో" అన్నాడు.

కంట్రోల్ రూంలో ఎడిటరమ్మ కుర్చీ తిప్పి చూసింది.

"బాబాయ్, ఇప్పుడు ఆయన ఏమన్నాడు?"

"నిజం అన్నాడమ్మా."

"మనమేం వేశాం?"

బాబాయ్ మఫ్లర్ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. సవరణ టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. ఇంతలో యజమాని ఫోను వచ్చింది. ఎడిటరమ్మ వింటూ తలాడించి, తలాడించి, చివరికి ఫోను పెట్టేసి, "కోప్పడలేదు" అంది, అదేదో జబ్బు పేరు చెప్పినట్టుగా. "మంత్రి పార్టీ పెద్దాయన యజమాని గారికి ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పాడట. మంత్రి తిక్కతిక్కగా ఏదో వాగితే, వంతెన ఉందని మీ చానలే జనానికి చెప్పిందని మెచ్చుకున్నాడట. రేపు మంత్రి మళ్ళీ వచ్చి, వంతెన పూర్తయిందని సరిగ్గా చెప్తాడు. అప్పుడు పట్టీ వెయ్యొద్దన్నారు. ఇవాళ్టిది మాత్రం అలాగే ఉండనిమ్మన్నారు."

"తప్పు పడిందని చెప్పావా?"

"ఎవరూ ఫిర్యాదు చెయ్యనిది తప్పెలా అవుతుందన్నారు." ఆమె గొంతు తగ్గించింది. "బాబాయ్, ఒప్పుకుంటే షరతు ప్రకారం పట్టీ పోతుంది. నోరు మూసుకుంటే ఉంటుంది. నాకు మాత్రం ఇష్టమా?"

"అబద్ధం చెప్పి బతికే పట్టీ దేనికమ్మా? ఆ పనికి మంత్రులున్నారుగా" అన్నాడు బాబాయ్. కానీ గట్టిగా అనలేదు. గట్టిగా అనే ఓపిక అప్పటికి ఆయనలో లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య ఫోను చేతికిచ్చింది. "మా తమ్ముడు. మీతోనే మాట్లాడతాట్ట."

బావమరిది కోడిగుడ్ల వ్యాను నడుపుతాడు. నది అవతలి ఊళ్ళకి గుడ్లు వెయ్యాలంటే బల్లకట్టు మీద వ్యాను ఎక్కించాలి, లేకపోతే పెద్ద చుట్టు తిరిగి పోవాలి.

"బావా, వంతెన దగ్గరున్నాను."

"ఏ వంతెనరా?"

"అదే నేనూ అడుగుతున్నా. నీ పట్టీ చూసి బయల్దేరాను. మంత్రి లేదంటున్నాడు, మా బావ అది నిజం కాదంటున్నాడు, అంటే ఉన్నట్టేగా అనుకున్నా. రోడ్డు చివరిదాకా వచ్చాక మూడు స్తంభాలు, వాటిమీద కొంగలు. నేనొక్కణ్ణే కాదు బావా, ఇక్కడొక సంత తయారైంది. లారీలున్నాయి, ట్రాక్టర్లున్నాయి, ఒక పెళ్ళి బస్సు కూడా వచ్చింది. ఒకాయనైతే, ‘పట్టీ వేశారంటే ఉండి తీరుతుంది, పొగమంచులో కనపడటం లేదు’ అని ఇంకా కళ్ళు చికిలించి చూస్తున్నాడు. పొగమంచు కూడా లేదు బావా."

"తప్పయిపోయిందిరా."

ఫోన్లో అవతల్నించి కొంగ అరుపు, ఎవరో హారన్ కొట్టడం వినిపించాయి. "నీ తప్పేంటి బావా? మంత్రి చెప్తే నేను ఇంట్లోంచి కాలు బయటపెట్టేవాణ్ణా? నీ మాట కాబట్టి వచ్చాను. సరే, గుడ్లు ఉడుకుతున్నాయి, వెనక్కి పోతా" అని బావమరిది ఫోను పెట్టేశాడు.

ఆ రాత్రి బాబాయ్ అన్నం సగంలో వదిలేశాడు. భార్య కంచం తీస్తూ, "కొంప మునిగిందా?" అంది.

"మునగలేదు. ముంచాను" అన్నాడు. ఎప్పుడూ ఆవిడ మాటలు దిద్దే మనిషి తన మాట తానే దిద్దుకునేసరికి ఆవిడ కంచం కింద పెట్టేసి పక్కన కూర్చుంది.

మర్నాడు మంత్రి వచ్చే వేళకి బాబాయ్ మేకప్ గదికి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ గది గుమ్మం తొక్కలేదు. మంత్రి అద్దం ముందు కూర్చుని, మెడచుట్టూ కాగితాలు దోపించుకుని, మొహానికి పౌడరు వేయించుకుంటున్నాడు. మేకప్ చేసేవాడు బ్రష్షు కడగడానికి బయటికి వెళ్ళాక అద్దంలోంచే చూశాడు.

"నువ్వేనా పట్టీ?"

"నేనే సార్."

"ఏమయ్యా, అబద్ధం చెప్తే దిద్దావు. సరే, నీ ఉద్యోగం. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు నిజం చెప్తే అదీ దిద్దేశావు. ఇంక నేను మాట్లాడేదేముంది?"

"తప్పు నాదే సార్. మీరు మొదలెట్టగానే నొక్కేశాను. వినలేదు."

"వినలేదా?"

"లేదు సార్."

మంత్రి పెద్దగా ఊపిరి వదిలాడు. "బతికించావు. నువ్వు విన్నాకే వేశావనుకుని నిన్నంతా నామీద నాకే అనుమానం. ఇన్నేళ్ళుగా నువ్వు ఒక్కసారి కూడా తప్పలేదు కదా. నేనే వేరే నదికి వెళ్ళానేమోననుకున్నా."

బాబాయ్‌కి నవ్వు రావాలి. రాలేదు. "ఉన్నట్టుండి నిజం ఎందుకు చెప్పారు సార్?"

"ఒడ్డున ఒక ముసలామె నన్ను గుర్తుపట్టిందయ్యా. తిట్టలేదు. తిట్లు అలవాటే, దులుపుకుని వచ్చేసేవాణ్ణి. ‘నువ్వూ బల్లకట్టు కోసమేనా బాబూ? ఎండలో ఉన్నావు, ఇలా నీడకి రా’ అని పక్కకి జరిగింది. అంతే. అక్కడికీ ఆ మాట చెప్పేశాక మనసు తేలికపడుతుందేమో అనుకున్నా. ఈలోగా నీ పట్టీ కనపడింది."

"ఇవాళ కూడా అదే చెప్పండి సార్."

"మా పెద్దాయన ఫోన్లో ఏమన్నాడో నువ్వు వినలేదు కాబట్టి అలా అంటున్నావు. ఇవాళ పూర్తయిందనే చెప్తాను. నిజం రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు. నువ్వు నీ ఏడు నొక్కుకో."

"ఏడు సంగతి మీకెలా తెలుసు?"

"మీ క్యాంటీన్ పందాల కబురు మా ఇంటిదాకా వచ్చిందయ్యా. నేను ఇంటికి తొందరగా వస్తానంటే మా ఆవిడ ‘ఏడు’ అంటుంది."

"ఏడు తీసేశాను సార్" అన్నాడు బాబాయ్.

కంట్రోల్ రూంకి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున్నే వచ్చి బటన్లలో దాచిన పట్టీలన్నీ చెరిపేసి ఉంచాడు. ఆయన కంప్యూటర్లో ఇంకా వెయ్యని కొత్త పట్టీ ఒకటే ఉంది. ఎడిటరమ్మ వచ్చి ఆయన భుజం మీదుగా చదివింది: ‘వంతెన పూర్తి కాలేదు. నిన్న మంత్రి ఆ నిజమే చెప్పారు. కాదన్న మా పట్టీదే తప్పు.’

"వద్దన్నారు కదా బాబాయ్."

"అవునమ్మా."

"యజమాని గారు ఇంట్లో టీవీ ముందే ఉంటారు."

"అవును."

"పట్టీ పోతుంది. నీ చేత్తో నువ్వే తీసేసినట్టు."

"జనం దాన్ని నమ్మి నది దాకా వెళ్ళారమ్మా. పెళ్ళి బస్సు కూడా వెళ్ళింది" అన్నాడు బాబాయ్. ఆమె వెళ్ళి తన చోట నిలబడింది. వెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

లైవ్ మొదలైంది. బాబాయ్ మఫ్లర్ పక్కన పెట్టి, హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమిపెట్టుకున్నాడు. మంత్రి "నది మీద వంతెన..." అన్నాడు. అలవాటుపడ్డ వేలు లేచింది. దాన్ని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. ఏళ్ళ తరవాత మొదటిసారి ఆ మనిషి గొంతు పూర్తిగా విన్నాడు. బాగా మాట్లాడతాడు. కాస్త ఆయాసం ఉంది. వాక్యం మధ్యలో ఒకచోట ఆగాడు. ఆ ఆగినచోట, ఈయన ఇవాళ కూడా నిజమే చెప్తాడేమోనని బాబాయ్‌కి ఆశ పుట్టింది. అంత ఆశ పడి చాలా కాలమైంది.

"...పూర్తయింది. నిన్న నా మాటల్ని కొందరు అపార్థం చేసుకున్నారు" అన్నాడు మంత్రి.

బాబాయ్ నొక్కాడు. పట్టీ పడింది. కానీ సగమే కనపడింది: ‘వంతెన పూర్తి కాలేదు. నిన్న మంత్రి ఆ నిజమే...’ మిగతాదంతా సబ్బు కిందికి పోయింది. నురగలో ఒక అమ్మాయి నవ్వుతోంది. తప్పు మాదేనన్న ముక్క ఆమె చంకలో ఎక్కడో ఉంది.

కంట్రోల్ రూంలో ఫోను మోగడం మొదలుపెట్టింది. బాబాయ్ తలతిప్పి ఎడిటరమ్మ వంక చూశాడు. సబ్బు బటన్ ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె ఫోను వంక చూసింది, సబ్బు వంక చూసింది. "ఆ సబ్బు వాడితే నాకు ఒళ్ళంతా దద్దుర్లు" అని గొణుక్కుని, సబ్బు తీసేసింది.

పట్టీ ఈ చివర్నించి ఆ చివరిదాకా పరుచుకుంది. స్టూడియోలో మంత్రి ఎదురుగా ఉన్న టీవీలో దాన్ని చదివాడు. చెప్పబోయేది మరిచిపోయి, గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. నీళ్ళు అయిపోయాక కూడా కాసేపు గ్లాసు దించలేదు. ఫోను మోగుతూనే ఉంది.

షరతు ప్రకారం పట్టీ ఆ రోజుతో పోయింది. బాబాయ్‌ని వాతావరణం దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ మబ్బుల బొమ్మలు పెట్టాలి. మబ్బులు చెప్పినట్టు వినవు గానీ అబద్ధాలాడవు కాబట్టి ఆయనకి పెద్ద ఇబ్బంది అనిపించలేదు. ఇబ్బంది పడింది చానలే. పట్టీ లేకుండా నాయకులు మాట్లాడుతుంటే జనం ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. "ఇవాళ ఆసుపత్రిలో డాక్టర్లున్నారన్నాడు. పట్టీ పడలేదు. ఉన్నట్టేనా? పిల్లని తీసుకెళ్ళమంటారా?" అని ఒకావిడ అడిగింది. ఫోను ఎత్తినవాళ్ళు ఏం చెప్పాలో తెలియక వాతావరణానికి కలిపారు. రోజుకి ఇన్ని ఫోన్లని లెక్కలేదు. బాబాయ్ మబ్బులు పక్కన పెట్టి, లేరని అందరికీ విడివిడిగా చెప్పుకుంటూ కూర్చున్నాడు. ఫోన్లు తన ఇంటిదాకా వచ్చేసరికి యజమాని దిగివచ్చాడు. పట్టీ మళ్ళీ పెట్టండి, కానీ ముందే తయారుచేసినవి వద్దు, ఇద్దరు మనుషులు మాట పూర్తిగా విన్నాకే వెయ్యండి, అన్నాడు. ‘నిజం కాదు’ అని ఊరుకోకుండా ఏది నిజమో కూడా రాస్తామని ఎడిటరమ్మ చెప్పింది. సబ్బుని తెర పైభాగానికి పంపారు.

ఇప్పుడు పట్టీ ఆలస్యంగా పడుతుంది. ఒకదానికి సవరణ వచ్చేలోపు నాయకుడు ఇంకో మూడు చెప్పేస్తున్నాడు. చూసేవాళ్ళలో కొందరు వంటింట్లోకి వెళ్ళిపోతున్నారు. బాబాయ్‌కి సాయంత్రానికి చెవులు నొప్పి, మెడ నొప్పి. ఏమీ వినకుండా పనిచేసిన రోజుల్లో కన్నా అలసట రెట్టింపైంది. "పెద్దవాళ్ళ అబద్ధాలు మొత్తం వినాలంటే మాటలా? మగతలాగా వస్తుంది" అంటాడు భార్యతో. ఆవిడ మెడకి మందు రాస్తూ, "వందసార్లు చెప్పాను, ఆ ఏసీ కింద కూర్చోవద్దని" అంటే, ఈమధ్య ఊరుకుంటున్నాడు.

రోడ్ల మంత్రికి రోడ్లు పోయి చేపలు వచ్చాయి. చేపల మంత్రిగా లైవ్‌కి వచ్చిన మొదటి రోజు, నదిలో చేపలు ఎంత బాగా పెరుగుతున్నాయో చెప్పడం మొదలుపెట్టాడు. బాబాయ్, ఎడిటరమ్మ పక్కపక్కన కూర్చుని, చెరో జత హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నారు. మంత్రి గొంతు సవరించుకుని ఒక చెయ్యి చాపి చేప పొడవు చూపించాడు, తరవాత రెండో చెయ్యి కూడా చాపాడు. ఎడిటరమ్మ ఆవలించి, మోచేత్తో పొడిచింది.

"అయిందా బాబాయ్?"

"ఆగమ్మా. ఇంకా చెప్తూనే ఉన్నాడు."